రీడింగ్ హాల్లో పాత ట్యూబ్‌లైట్లు తీసేసి 24 ఎల్‌ఈడీ ప్యానెళ్లు బిగిస్తే సరిపోతుందా?

పుస్తకాల_అటక

బెజవాడకు దగ్గర్లో ఉన్న ఒక పట్టణ గ్రంథాలయం రీడింగ్ హాలుకి లైట్లు మార్చాలి. వివరాలన్నీ ఒకేచోట రాస్తున్నాను, మళ్లీ మళ్లీ అడగక్కర్లేకుండా.

హాలు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. శ్లాబు ఎత్తు 3.6 మీటర్లు. పొడుగు గోడలు ఉత్తరం, దక్షిణం వైపు ఉన్నాయి, రెండింటికీ కిటికీలు. కిటికీ అడుగు నేల నుంచి 0.9 మీటర్లు, లింటెల్ 2.1 దగ్గర, పైన 600 మిల్లీమీటర్ల సన్‌షేడ్. ఉత్తరం గోడకి శ్లాబు కింద వెంటిలేటర్లు కూడా ఉన్నాయి కానీ ఎప్పుడో అద్దాల మీద సున్నం, పెయింటు కొట్టేసి మూసేశారు. గోడలకు కింది నుంచి 1.2 మీటర్ల దాకా ముదురు ఆకుపచ్చ ఎనామిల్. బల్లల మీద మెరిసే గోధుమరంగు సన్‌మైకా.

72 కుర్చీలు. ఎక్కువమంది పోటీ పరీక్షల వాళ్లే, పొద్దున్న 8 నుంచి రాత్రి 9 దాకా కదలకుండా కూర్చుంటారు. ఇప్పుడు ఉన్నవి శ్లాబుకి ఆనించి బిగించిన 24 జంట ట్యూబ్‌లైట్ పట్టీలు, 36 వాట్ల ట్యూబులు, పాతకాలం చోకులు. ఫ్యాన్లు 10, రెండు వరసల్లో ఐదేసి, రెక్కలు నేల నుంచి 2.9 మీటర్ల దగ్గర తిరుగుతాయి. స్విచ్‌లు తలుపు పక్కన ఆరు. ఒక్కో స్విచ్‌కి నాలుగు పట్టీలు, ఉత్తరం కిటికీ నుంచి దక్షిణం కిటికీ దాకా అడ్డంగా.

ఫిర్యాదులు: కళ్లు లాగుతున్నాయి, సాయంత్రానికి తలనొప్పి, పట్టపగలు కూడా అన్ని లైట్లూ వేయాల్సివస్తోంది. చలికాలంలో దక్షిణం వైపు ఎండ బల్లల మీద పడుతోందని కర్టెన్లు వేసేస్తే ఇక తీయడం లేదు.

కొటేషన్‌లో రాసింది: రెండడుగులు బై రెండడుగుల ప్యానెళ్లు 24, ఒక్కోటి 40 వాట్లు, 6500 కెల్విన్ (కాస్త నీలం కలిసిన తెల్ల వెలుగు), పాత పాయింట్లలోనే. “కరెంటు సగం, వెలుగు రెట్టింపు” అంటున్నారు. నిజమేనా? సెన్సర్లు పెట్టాలా? ఒక్కో కుర్చీకి టేబుల్ లైటు ఇస్తే ఎలా ఉంటుంది? ఫాల్స్ సీలింగ్‌కి డబ్బు లేదు.

లక్స్_లెక్క

కరెంటు సగం కంటే తక్కువకి దిగుతుంది, అది నిజం. వెలుగు రెట్టింపు మాత్రం కాదు. అసలు ఈ హాల్లో తలనొప్పికి మొదటి అనుమానితుడు లైటు కాదు, ఫ్యాను.

పట్టీలు శ్లాబుకి ఉన్నాయి, ఫ్యాన్లు వాటికి 70 సెంటీమీటర్ల కింద తిరుగుతున్నాయి. లైటుకీ పుస్తకానికీ మధ్య రెక్క వెళ్లిన ప్రతిసారీ పేజీ మీద నీడ పడి పోతుంది. మూడు రెక్కల ఫ్యాను నిమిషానికి 350 చుట్లు తిరిగితే సెకనుకి 17 సార్లకు పైగా ఆ నీడ కొడుతుంది. చలిగా ఉందని రెగ్యులేటర్ తగ్గించి 200 చుట్లకు తెస్తే సెకనుకి 10 సార్లు. కంటిని అన్నిటికంటే ఎక్కువ చికాకుపెట్టేది సరిగ్గా ఆ 8, 10 దగ్గర అదురే. అందుకే ఇలాంటి హాళ్లలో వేసవి కంటే నవంబరు, డిసెంబరుల్లో ఫిర్యాదులు పెరుగుతాయి.

సరిచూడటం తేలిక. రాత్రి పూట, ఫ్యాను రెండో నంబరు మీద పెట్టి, దాని చుట్టుపక్కల బల్లల మీద తెల్ల కాగితం పరిచి చూడండి. కాగితం మీద వెలుగు అదిరితే దోషం తేలిపోయినట్టే. ప్యానెళ్లు పాత పాయింట్లలోనే బిగిస్తే ఈ జబ్బు అలాగే ఉంటుంది, కొత్త లైట్ల ఖర్చు మాత్రం అయిపోతుంది.

ఇక లెక్క. పాతది: ట్యూబు మీద 36 అని ఉన్నా చోకు ఇంకో 10 వాట్ల దాకా తింటుంది. 48 × 46 = 2,208 వాట్లు. హాలు 162 చదరపు మీటర్లు, అంటే చదరపు మీటరుకి 13.6 వాట్లు.

కొటేషన్‌లోది: 24 × 40 = 960 వాట్లు. మామూలు ప్యానెల్ వాటుకి 100 ల్యూమెన్లు (లైటు విడిచే మొత్తం వెలుగుకి కొలత) ఇస్తుందనుకుంటే మొత్తం 96,000 ల్యూమెన్లు. ఇందులో బల్ల మీదకి దిగేది ఎంత అన్నది గది ఆకారాన్ని బట్టి ఉంటుంది. లైటు 3.6 దగ్గర, బల్ల 0.75 దగ్గర, మధ్య దూరం 2.85. ఆ ఆకారాన్ని చెప్పే అంకె, రూమ్ ఇండెక్స్ = (18 × 9) ÷ (2.85 × 27) = 2.1. ఇందులో 27 అంటే పొడవు, వెడల్పుల మొత్తం. దానికి వినియోగ గుణకం, అంటే విడిచిన వెలుగులో బల్ల మీదకి చేరే వాటా, 0.58 అనుకుందాం. మన దుమ్ముకి నిర్వహణ గుణకం, అంటే లైట్లు పాతబడి దుమ్ము పట్టాక మిగిలే వాటా, 0.75 కంటే ఎక్కువ వేయకూడదు. 96,000 × 0.58 × 0.75 ÷ 162 = 258 లక్స్ (చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లు). ఇది కూడా గోడలు సగం వెలుగునైనా తిప్పికొడతాయన్న నమ్మకంతో వేసింది. మీ ఆకుపచ్చ ఎనామిల్ ఆ నమ్మకాన్ని నిలబెట్టదు.

ఎంత కావాలి? మన దేశపు లైటింగ్ ప్రమాణం ఐఎస్ 3646 రీడింగ్ బల్లలకు 200–300–500 లక్స్ అని మూడంకెలు ఇస్తుంది. మామూలుగా మధ్యది తీసుకోవాలి, పని కష్టమైతే పైకి జరగాలి. యూరప్ ప్రమాణం నేరుగా 500 అంటుంది. సన్న అక్షరాల గైడ్లు పదమూడు గంటలపాటు చదివే చోట 350 సగటు పెట్టుకుంటే న్యాయంగా ఉంటుంది.

నేనైతే ఇలా వేస్తాను. 1.2 మీటర్ల లీనియర్ ఫిట్టింగులు 32, ఒక్కోటి 30 వాట్లు, 3,600 ల్యూమెన్లు. శ్లాబు నుంచి కిందికి దించి 2.7 మీటర్ల దగ్గర, అంటే ఫ్యాను రెక్కల కంటే 20 సెంటీమీటర్లు దిగువన. ఇప్పుడు బల్లకీ లైటుకీ మధ్య 1.95. రూమ్ ఇండెక్స్ 3.08కి పెరుగుతుంది, గుణకం 0.65 దాకా వస్తుంది. 1,15,200 × 0.65 × 0.75 ÷ 162 = 347 లక్స్. కరెంటు మళ్లీ 960 వాట్లే, మీటరుకి 5.9.

మొత్తం లాభం దించడం వల్లే వచ్చిందని చెప్పను. వాటుకి 100 బదులు 120 ల్యూమెన్ల సరుకు తీసుకున్నందుకు కొంత వచ్చింది. 120 ల్యూమెన్ల ప్యానెళ్లే శ్లాబుకి బిగిస్తే 309 దాకా పోతుంది. కానీ ఫ్యాను నీడ పోదు కదా.

వరసలు: హాలు పొడవునా, కిటికీలకు సమాంతరంగా నాలుగు, వరసకి ఎనిమిది. గోడ నుంచి 1.125 దగ్గర మొదటిది, అక్కణ్ణుంచి 2.25 చొప్పున 3.375, 5.625, 7.875. మూడు వరసలతో సరిపెడదామని చూడకండి. 2.7 ఎత్తులో వరసల మధ్య 3 మీటర్లు వస్తే బల్ల నుంచి లైటు ఎత్తుకి అది 1.54 రెట్లు అవుతుంది. మామూలు డిఫ్యూజర్ (లైటు ముందుండే, వెలుగుని పరిచే మూత) అంత దూరం పరవలేదు, మధ్య బల్లలు మసకగా మిగులుతాయి. నాలుగు వరసలైతే 1.15 రెట్లే.

మీ ఫ్యాను వరసలు 2.25, 6.75 దగ్గర ఉండి ఉంటాయి, ఒకసారి కొలవండి. అలా ఉంటే లైటు వరస నుంచి ఫ్యాను మధ్యకి 1.125 మీటర్లు. 1200 మిల్లీమీటర్ల స్వీప్‌కి (రెక్కలు తిరిగే చుట్టు వ్యాసం) సగం, 600 తీసేస్తే లైటుకీ రెక్క కొసకీ మధ్య ఇంకా అర మీటరు ఖాళీ ఉంటుంది.

ఒక మెలిక ఉంది. దించిన లైటు వెలుగంతా కిందికే పోతే శ్లాబు నల్లబడి గుహలా అనిపిస్తుంది. 10, 15 శాతం పైకి వదిలే ఫిట్టింగు మంచిది. అయితే ఆ పై వెలుగు నిట్టనిలువుగా వెళ్లాలి. పక్కలకు పరుచుకుంటే రెక్కలకు తగిలి, అదే అదురు ఈసారి సీలింగు మీద మొదలవుతుంది.

ఉత్తరాయణం

రాత్రి సంగతి పైన తేలింది, నేను పగటి వెలుగు చూస్తాను. రెండు పక్కలా కిటికీలున్న 9 మీటర్ల హాల్లో పొద్దున్న పది గంటలకు 24 లైట్లూ వెలుగుతున్నాయంటే తప్పు స్విచ్‌బోర్డుది. స్విచ్‌లు అడ్డంగా ఉన్నాయి కాబట్టి మధ్యలో ఒక్క బల్లకి లైటు కావాలన్నా కిటికీ పక్కవి కూడా వెలగాల్సిందే. వరసకొక సర్క్యూట్ చేయండి. కిటికీ పక్క రెండు వరసలు 9 నుంచి 4 దాకా ఆగిపోతాయి. దీనికి సెన్సర్ అక్కర్లేదు.

వెలుగు ఎంత లోపలికి వస్తుంది అన్నదానికి ముతక లెక్క: కిటికీ పైభాగం ఎత్తుకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. 2.1 లింటెల్, పైన సన్‌షేడ్ కాబట్టి ఒకటిన్నరే వేసుకుందాం, 3.15 మీటర్లు. 1.1 దగ్గరి వరసకి ధోకా లేదు. 3.4 దగ్గరి వరసకి మబ్బు పట్టిన రోజు చాలదు. అందుకే ముందు ఉత్తరం వెంటిలేటర్ల పెయింటు గీకించండి. దాని పైభాగం 3.3 దగ్గర ఉంటే వెలుగు మధ్య వరసల దాకా వస్తుంది. బ్లేడు, ఒక కూలీ, ఒక రోజు పని. ఈ ఎస్టిమేట్‌లో దీన్ని మించిన చవక పని లేదు.

ఎండ కోణాలు. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపే ఉంటాడు. “ఉత్తరం కిటికీకి ఎండ రాదు” అన్నమాట మన దగ్గర పూర్తిగా చెల్లదు. అయినా జూన్ మధ్యాహ్నం 83 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి మీ 600 సన్‌షేడ్ ధారాళంగా సరిపోతుంది. సాయంత్రం 5 దాటాక వాయవ్యం నుంచి ఏటవాలుగా వచ్చేదే ఇబ్బంది. దానికి సన్‌షేడ్ పెంచి లాభం లేదు. కిటికీకి పడమటి పక్కన ఒక 300 మిల్లీమీటర్ల నిలువు పలక కడితే ఆగుతుంది.

అసలు పేచీ దక్షిణంతో. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల దగ్గరే ఉంటాడు. 600 సన్‌షేడ్ 1.2 మీటర్ల కిటికీలో పై 70 సెంటీమీటర్లకే నీడ ఇస్తుంది. పొద్దున్న 9కి, మధ్యాహ్నం 3కి ఆ గోడకి ఎండ కోణం 42 డిగ్రీలకు దిగుతుంది, అప్పుడు నీడ 54 సెంటీమీటర్లే. ఆ సమయంలో బల్ల ఎత్తులో ఎండ గోడ నుంచి 90 సెంటీమీటర్ల దాకా లోపలికి వస్తుంది. కర్టెన్లు వేస్తున్నది దీనికోసమే.

కట్టుబడి పని లేకుండా దారి: దక్షిణం గోడ వెంట 1.2 మీటర్లు నడవ వదిలి బల్లలన్నీ లోపలికి జరపండి. నడవ ఎక్కడో ఒకచోట ఎలాగూ కావాలి కదా, అది అక్కడ పెట్టండి. ఎండ నడవ మీద పడుతుంది, పుస్తకం మీద పడదు. అయినా చాలకపోతే కిటికీ బయట అడ్డ లూవర్లు: 100 మిల్లీమీటర్ల వెడల్పు పలకలు, 90 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున వేస్తే 42 డిగ్రీల ఎండ నేరుగా లోపలికి రాదు. లేత రంగు వేయండి, వెలుగు శ్లాబు మీదకి చిమ్ముతుంది. వెలుగుని వడగట్టి లోపలికి పంపే జాలీ గోడ పనిచేస్తుందా అని ఎవరైనా అడిగితే హైదరాబాదులో సీఐఐ–సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూపించండి. 2003లోనే లీడ్ (హరిత భవనాల రేటింగు) ప్లాటినం వచ్చిన భవనం అది. మీ దగ్గర మాత్రం ఉన్న కిటికీలకు లూవర్లే నయం. లైట్ షెల్ఫ్ (వెలుగుని శ్లాబు మీదకి తిప్పే అడ్డ పలక) అని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి, 2.1 లింటెల్ పైన దానికి చోటే లేదు.

కుర్చీలు తూర్పు, పడమర ముఖంగా వేయండి. కిటికీ ఎప్పుడూ పక్కనే ఉంటుంది, ఎదురుగా రాదు. లైటు వరసలు కూడా చూపు వెంటే పోతాయి కాబట్టి ఫిట్టింగు సన్న కొసే కంట పడుతుంది, పొడుగు పక్క కళ్లలో కొట్టదు.

న్యూట్రల్_బాబాయ్

ఇద్దరూ కాగితం మీద బాగా వేశారు. బిగించేటప్పుడు చెడేవి నేను చెబుతాను.

ఒకటి, ఫిట్టింగుల్ని సన్న స్టీలు తీగలతో వేలాడదీయొద్దు. షోరూముల్లో అందంగానే ఉంటాయి. ఇక్కడ పది ఫ్యాన్ల గాలికి ఊగుతాయి, నీడలు కూడా ఊగుతాయి. ముప్పావు అంగుళం పైపు రాడ్లు, ఫిట్టింగుకి రెండు చొప్పున, శ్లాబుకి యాంకర్ ఫాస్టెనర్‌తో బిగించాలి. వైరు పైపు లోపలి నుంచే దిగాలి.

రెండు, 32 డ్రైవర్లూ (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే భాగాలు) ఒకే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) మీద వేస్తే స్విచ్ వేసిన క్షణంలో లాగే కరెంటుకి అది ట్రిప్ అవుతుంది. నడుస్తున్నప్పుడు 5 ఆంపియర్లు కూడా ఉండదు, అయినా పడిపోతుంది. ఎలక్ట్రీషియన్ “ఎంసీబీ చిన్నది” అని పెద్దది పెడతాడు, అది తప్పు. వరసకి ఎనిమిది చొప్పున నాలుగు సర్క్యూట్లు, సీ కర్వ్ (స్విచ్ వేసిన క్షణపు పోటుని ఓర్చుకునే రకం) ఎంసీబీలు. ఉత్తరాయణం గారు చెప్పిన వరస స్విచింగ్ దీనితోనే వచ్చేస్తుంది.

మూడు, న్యూట్రల్. త్రీఫేజ్ బోర్డులో ఉమ్మడి న్యూట్రల్ వదులైతే సింగిల్ ఫేజ్ లైట్ల మీదకి 300, 400 వోల్టులు కూడా రావచ్చు. చోకు లైట్లు గుయ్యిమని గోల చేసి ఎలాగో తట్టుకునేవి. డ్రైవర్లు ఒక్క దెబ్బకి వరసగా పోతాయి. కొత్త లైట్లు పెట్టేముందు మెయిన్ బోర్డులో న్యూట్రల్ లింకు విప్పి, గీకి, లగ్గు కొత్తది వేసి బిగించండి. “ఎల్‌ఈడీలు నాసిరకం, ఆర్నెల్లకే పోయాయి” అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ నట్టే.

నాలుగు, డ్రైవర్ అదురు. ఇది ఫ్యాను నీడ కాదు, వేరే జబ్బు. చవక డ్రైవర్లో కెపాసిటర్ ఖర్చు మిగిల్చుకుంటే వెలుగు సెకనుకి 100 సార్లు ఎక్కి దిగుతుంది. కంటికి కనబడదు, తలకి తెలుస్తుంది. ఫోన్లో స్లోమోషన్ పెట్టి శాంపిల్ లైటు తీయండి. వీడియోలో పట్టీలు పరిగెత్తినా, వెలుగు కొట్టుకున్నా ఆ సరుకు వద్దు. టెండర్లో రాయాలంటే: 100 హెర్ట్జ్ దగ్గర మాడ్యులేషన్ (వెలుగు ఎక్కి దిగే మోతాదు) 8 శాతం లోపు. ఎల్‌ఈడీల అదురు మీద వచ్చిన ఐఈఈఈ 1789 పత్రం తక్కువ ప్రమాదం అని గీసిన గీత అది.

టెండర్లో “30 వాట్ల లైటు” అని మాత్రం రాయకండి. రాస్తే 30 వాట్లు తిని 2,400 ల్యూమెన్లు ఇచ్చేది వస్తుంది, మీరు కాదనలేరు. ఇలా రాయండి: ఫిట్టింగు నుంచి బయటికొచ్చే వెలుగు 3,600 ల్యూమెన్లకు తగ్గకూడదు, ఎల్‌ఎం-79 (ల్యాబులో లైటు వెలుగు కొలిచే పద్ధతి) పరీక్ష రిపోర్టు అదే మోడల్‌ది కావాలి, సీఆర్‌ఐ (రంగులు ఎంత అసలుగా కనబడతాయన్న అంకె) 80 పైన, పవర్ ఫ్యాక్టర్ 0.9 పైన, 140 నుంచి 270 వోల్టుల దాకా పనిచేయాలి, సర్జ్ (లైన్లో ఒక్కసారిగా వచ్చే వోల్టేజి దెబ్బ) 4 కిలోవోల్టుల దాకా తట్టుకోవాలి, డ్రైవర్ విడిగా మార్చుకునేలా ఉండాలి. ఈ చివరిది మర్చిపోతే డ్రైవర్ పోయినప్పుడు లైటంతా పారేయాలి. 32కి 2 లైట్లు, 3 డ్రైవర్లు అదనంగా కొని బీరువాలో పెట్టండి. మూడేళ్ల తర్వాత అదే మోడల్ దొరకదు.

కరెంటు పోతే? ప్రతి నాలుగో ఫిట్టింగుని ఇన్వర్టర్ లైను మీద వేయండి, తలుపు దగ్గరిది తప్పనిసరి. 8 × 30 = 240 వాట్లు. 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి ఉంటే రెండు గంటలు హాయిగా లాగుతుంది.

పుస్తకాల_అటక

ముగ్గురికీ ధన్యవాదాలు అండీ. కాగితం పరీక్ష చేశాం. ఫ్యాను రెండో నంబరు మీద పేజీ స్పష్టంగా అదురుతోంది.

రెండు సందేహాలు. ఈ ఏడాది 32 లైట్లకి డబ్బు రాకపోతే, పాత పట్టీల్లోనే ఎల్‌ఈడీ ట్యూబులు వేసి నడపొచ్చా? టేబుల్ లైట్ల సంగతి, 6500 కెల్విన్ సంగతి ఎవరూ చెప్పలేదు. కమిటీలో అందరూ “తెల్ల లైటే కావాలి, పచ్చగా ఉంటే నిద్రొస్తుంది” అంటున్నారు.

న్యూట్రల్_బాబాయ్

నడపొచ్చు, రెండు జాగ్రత్తలతో. చోకు, స్టార్టరు రెండూ పీకేసి ఫేజు, న్యూట్రల్ నేరుగా హోల్డర్‌కి ఇవ్వాలి. చోకు లోపలే వదిలేస్తే అది వేడెక్కుతూ ఉత్తినే కరెంటు తింటుంది. ట్యూబు ఒకవైపు సప్లైదా, రెండువైపులదా అన్నది దాని మీదే గీసి ఉంటుంది, చూసి వైరింగ్ చేయాలి. ఒకవైపుదాన్ని తిరగేసి పెడితే వెలగదు. కొన్నింట్లో సప్లై అక్కర్లేని కొసన రెండు పిన్నులూ లోపల కలిపి ఉంటాయి, తిరగేస్తే నేరుగా షార్టే. పెళుసుబారిన హోల్డర్లు మార్చేయండి. ప్రతి పట్టీ మీద “చోకు తీసేశారు, ఎల్‌ఈడీ ట్యూబు మాత్రమే” అని పెయింటుతో రాయించండి. రేపు ఎవరో పాత ట్యూబు తెచ్చి పెడితే టపాకాయే.

ట్యూబుకి 20 వాట్లు అనుకుంటే మొత్తం 960 వాట్లు. కానీ ఇది ఖర్చు తగ్గించే పనే, ఫ్యాను నీడ అలాగే ఉంటుంది. డబ్బు కొంచెమే ఉంటే నా మాట: పట్టీల్ని శ్లాబు నుంచి విప్పి, అవే పట్టీలు రాడ్ల మీద 2.7కి దించండి. నాలుగు వరసలకి ఆరేసి వస్తాయి. మీకు పడేది పైపు, కూలీ, వరస సర్క్యూట్ల వైరు ఖర్చే. వచ్చే ఏడాది కొత్త ఫిట్టింగులు అదే లైన్ల మీద ఎక్కుతాయి, రాడ్లలో చాలావరకు అవే పనికొస్తాయి.

లక్స్_లెక్క

బాబాయ్ గారి మాటకి ఒక సవరణ. బోసి ట్యూబు 2.7కి దిగితే అంత మేరా కళ్లకు దగ్గరవుతుంది. పైన ఒక వంపు రిఫ్లెక్టర్, కింద ఓపల్ (పాలరంగు) డిఫ్యూజర్ లేకుండా దించొద్దు. అదురు పోయి మిరుమిట్లు వస్తాయి.

రంగు సంగతి. 6500 కెల్విన్ తప్పేం కాదు, వాటుకి రెండు మూడు ల్యూమెన్లు ఎక్కువే ఇస్తుంది. నా ఓటు 4000కి. పచ్చగా ఉండేది 2700, 3000. 4000 పచ్చన కాదు, కాగితం కాగితంలాగే కనబడుతుంది. పగలు కిటికీ వెలుగుతో కూడా పొంతన కుదురుతుంది. కమిటీకి మాటలతో చెప్పి ప్రయోజనం లేదు. రెండు శాంపిళ్లు ఒకే బల్ల మీద, రెండు కొసల్లో, రాత్రి ఏడుకి వెలిగించి ఒకే గైడు చదివించండి. ఎత్తులు, ల్యూమెన్లు సమానంగా ఉండాలి, లేకపోతే ఏది ఎక్కువ వెలిగితే దానికే ఓటేస్తారు.

టేబుల్ లైట్లు. హాలుకి 150 లక్స్ ఇచ్చి, కుర్చీకి 5 వాట్ల లైటు ఇస్తే పైకి 430, బల్లలకు 360, మొత్తం 790 వాట్లు. రాత్రి పదిమందే ఉన్నప్పుడు ఇంకా తగ్గుతుంది. కరెంటు లెక్కలో ఇదే గెలుస్తుంది.

ఉత్తరాయణం

కరెంటు లెక్కలో గెలుస్తుంది, నిర్వహణలో ఓడుతుంది. 72 స్విచ్‌లు, 72 మెడలు, నేల కింద నుంచి 72 చోట్లకి వైరు. సాకెట్ ఉందంటే ఫోను ఛార్జరు, లాప్‌టాప్ అదే పాయింటుకి వస్తాయి. పైగా పక్కవాడి లైటు ఎదుటివాడి కళ్లలోకి తిరుగుతుంది. అదే డబ్బుతో వరసల్ని మధ్యకి విరిచి, ఎనిమిదిని నాలుగు, నాలుగుగా రెండు స్విచ్‌ల మీద పెట్టండి. రాత్రి మంది పలచబడ్డాక అందర్నీ తూర్పు సగంలో కూర్చోబెట్టి పడమటి సగం ఆపేయొచ్చు.

సెన్సర్లు: రీడింగ్ హాల్లో కదలిక సెన్సర్ వద్దే వద్దు. చదివేవాడు కదలడు, లైటు ఆరిపోతుంది, అందరూ చేతులూపుతారు. మైక్రోవేవ్ రకమైతే ఫ్యాను రెక్కల్నే మనుషులనుకుని ఎప్పటికీ ఆర్పదు. మరుగుదొడ్లలో, పుస్తకాల ర్యాకుల సందుల్లో పెట్టండి, 15 నిమిషాల ఆలస్యంతో. హాలుకి ఒక టైమర్ చాలు: 9కి కిటికీ వరసలు ఆరిపోవాలి, మబ్బు పడితే సిబ్బంది చేత్తో వేసుకోవాలి. ఆ స్విచ్‌ల మీద “ఉత్తరం కిటికీ”, “ఉత్తరం మధ్య”, “దక్షిణం మధ్య”, “దక్షిణం కిటికీ” అని తెలుగులో రాయించండి. పేరు లేకపోతే ఎవరో ఒకరు అన్నీ వేసేస్తారు.

ఏడాదికి 300 రోజులు, రోజుకి 13 గంటలు: పాతది 8,611 యూనిట్లు. కొత్తది అన్నీ వేసే ఉంచితే 3,744. కిటికీ వరసలు రోజుకి 7 గంటలు ఆపితే 2,736. యూనిట్ 8 రూపాయలు అనుకున్నా ఏడాదికి 47,000 మిగులుతాయి. గోడ కింది భాగానికి లేత మీగడ రంగు, బల్లలకు మెరవని లేత సన్‌మైకా ఆ డబ్బులోంచే వేయించండి. ఇప్పటి మెరిసే బల్లలో దించిన లైటు అద్దంలోలా కనబడుతుంది, మెరిసే కాగితం మీద అక్షరాలు మాయమవుతాయి.

లక్స్_లెక్క

సరే, టేబుల్ లైట్ల మీద పట్టుబట్టను.

బిల్లు పాస్ చేసేముందు కొలత ఒక్కటి మర్చిపోకండి. లైట్లు 100 గంటలు వెలిగాక, రాత్రి, కర్టెన్లు మూసి, బల్ల ఎత్తులో కొలవాలి. రూమ్ ఇండెక్స్ 3 దాటింది కాబట్టి కనీసం 25 చోట్ల. హాలుని ఐదు బై ఐదు గడులుగా చేసి గడి మధ్యలో మీటరు పెట్టండి. మీ లైట్లు నాలుగు బై ఎనిమిది కాబట్టి రెండు గళ్లూ ఒకదాని మీదొకటి పడవు, అదే కావాలి. కొత్తలో సగటు 460 దగ్గర రావాలి, దుమ్ము పట్టి 347కి దిగేది తర్వాత కదా. కాబట్టి మొదటి రోజే 350 వచ్చిందని సంతకం పెట్టకండి. అన్నిటికంటే తక్కువ గడి సగటులో 0.6 వంతుకి తగ్గకూడదు. ఫోన్ యాప్ పనికిరాదు, క్యాలిబ్రేషన్ కాగితం ఉన్న మీటరు తెప్పించుకోండి. కొలిచేవాడు లేత చొక్కా వేసుకుంటే ఎదురు వెలుగు, ముదురు చొక్కా అయితే నీడ, కాబట్టి మీటరు బల్ల మీద పెట్టి పక్కకి జరగమనండి.

పుస్తకాల_అటక

ఫ్యాన్లు కొలిచాం. ఉత్తరం వరస 2.25 దగ్గరే ఉంది. దక్షిణం వరస 6.4 దగ్గర ఉంది, గోడ నుంచి కాకుండా దూలం నుంచి కొలిచి వేసినట్టున్నారు. అంటే 5.625 లైటు వరస ఫ్యాను మధ్య నుంచి 775 మిల్లీమీటర్లే, రెక్క కొసకి 175. ఆ వరస జరపాలా?

లక్స్_లెక్క

కిందికి పోయే వెలుగుకి ఇబ్బంది లేదు, లైటు రెక్క కంటే దిగువనే ఉంది కదా. ఆ ఒక్క వరసకి పై వెలుగు లేని ఫిట్టింగు తీసుకోండి. లేదా వరసని 5.4కి జరపండి, రెక్క కొసకి 400 వస్తుంది, చివరి వరసతో ఎడం 2.475 అవుతుంది, మీ ఎత్తుకి అది పర్లేదు. నేనైతే జరుపుతాను. ఒకే వరసకి వేరే మోడల్ కొంటే స్పేర్లు రెండు రకాలు పెట్టుకోవాలి.

న్యూట్రల్_బాబాయ్

జరిపేముందు శ్లాబులో ఆ గీత మీద పాత కాండ్యూట్ (వైరు పైపు) పోతోందేమో చూసి డ్రిల్ పెట్టండి. ఫ్యాను బాక్సుల మధ్య తిన్నగా లాగి ఉంటారు, 6.4 మీద ఉంటుంది. 5.4 మీద మాత్రం పాత పట్టీల పైపులు అడ్డంగా దాటుతాయి, పట్టీ ఉన్న గీతలకు ఎడమా కుడీ ఒక అర అడుగు వదిలేయండి.